ఈఎంఐ ఆగిపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

2023 డిసెంబరు 11న రిజర్వు బ్యాంకు ఒక హెచ్చరిక విడుదల చేసింది. రుణమాఫీ చేయిస్తామంటూ కొన్ని సంస్థలు పత్రికల్లోనూ సోషల్ మీడియాలోనూ ప్రచారం చేసుకుంటున్నాయని, సర్వీసు ఛార్జీ, లీగల్ ఛార్జీ అని డబ్బు తీసుకుని 'రుణమాఫీ సర్టిఫికెట్లు' చేతిలో పెడుతున్నాయని, వాటికి ఆ అధికారం లేదని దాని సారాంశం. ఇంత పచ్చి మోసానికి ఎవరు పడతారని నవ్వుకోవచ్చు. కానీ మూడు క్రెడిట్ కార్డులు, రెండు పర్సనల్ లోన్లు, ఉన్నట్టుండి ఊడిన ఉద్యోగం ఉన్న మాదాపూర్ కుర్రాడికి రాత్రి పదకొండింటికి ఫోన్‌లో 'మీ లోన్ సగానికి సెటిల్ చేయిస్తాం, రికవరీ కాల్స్ ఆపిస్తాం' అన్న ప్రకటన కనిపిస్తే నవ్వు రాదు, ఊపిరి వస్తుంది.

ఈ వ్యాపారం గాలిలోంచి పుట్టలేదు. హైదరాబాద్‌లో అప్పు చరిత్రను వెనక్కి తిరగేస్తే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఎప్పుడు గొడవైనా అప్పిచ్చేవాడిని కట్టడి చేసే చట్టం ఒకటి వచ్చింది. అప్పుపడ్డవాడి పక్కన కూర్చుని, కాగితాలన్నీ ముందేసుకుని లెక్క చూసిపెట్టే మనిషి మాత్రం రాలేదు. ఒకసారి రాబోయి ఆగిపోయాడు. ఆ కథ కాస్త తర్వాత.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ చిక్కు నిజాం సర్కారుకే వచ్చింది. విలియం పామర్ అండ్ కంపెనీ అనే సంస్థ సర్కారుకు ఏడాదికి 24, 25 శాతం వడ్డీకి అప్పులిచ్చేది. మంత్రి చందూలాల్ తీసుకుంటూ పోయాడు. ఆ కంపెనీ భాగస్వామి సర్ విలియం రంబోల్డ్ భార్య, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి. తగవు తీర్చాల్సిన పెద్దమనిషికి అప్పిచ్చినవాడి ఇంటితోనే చుట్టరికమన్నమాట. 1820లో రెసిడెంటుగా, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ లెక్కలు తవ్వాక గుట్టు బయటపడింది. చివరికి 1823లో, ఉత్తర సర్కారుల కింద ఈస్టిండియా కంపెనీ ఏటా నిజాంకు కట్టాల్సిన పేష్కష్‌ను (కప్పాన్ని) నిజాం శాశ్వతంగా వదులుకుని, బదులుగా వచ్చిన సొమ్ముతో పామర్ బాకీ తీర్చారు. గుంటూరు, గోదావరి జిల్లాల మీద నిజాంకు మిగిలిన ఆఖరి రాబడి అలా వడ్డీ కింద పోయింది.

మామూలు జనానికి పామర్ కంపెనీ లేదు గానీ బేగంబజార్ సాహుకార్లు ఉన్నారు. గిర్వీ దుకాణాలున్నాయి. అరబ్బులు, రొహిల్లాలు ఉన్నారు; వాళ్ళ వసూళ్ళ తీరు గురించి పాతబస్తీ ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఫసలీ 1349లో, అంటే 1939-40లో, నిజాం ప్రభుత్వం వడ్డీ వ్యాపారుల చట్టం తెచ్చింది. లైసెన్సు ఉండాలి, లెక్క రాయాలి. తెలంగాణలో ఆ చట్టం ఇప్పటికీ బతికే ఉంది. లైసెన్సు లేని డైలీ ఫైనాన్సూ బతికే ఉంది.

డైలీ ఫైనాన్సు లెక్క ఒకటి చూద్దాం. తోపుడు బండి మీద పళ్ళమ్మే ఆమె పది వేలు అడుగుతుంది. పదిహేను వందలు ముందే కోసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి పది వేల మీద పదిహేను వందలు, అంతే కదా అనిపిస్తుంది. అయితే అసలు రోజూ తీరుతూ వస్తుంది, ఆమె చేతిలో పూర్తి సొమ్ము ఒక్క రోజు కూడా ఉండదు. సరిగ్గా కడితే ఇది నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ, ఏడాదికి 120 శాతం. నూటికి మూడు రూపాయలంటేనే 'అమ్మో' అనే మనిషి నూటికి పదికి తీసుకుంటోంది. ఎందుకంటే ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. కాగితం, పెన్నుతో ఐదు నిమిషాల పని ఇది. ఆ ఐదు నిమిషాలు కేటాయించే ఆఫీసు ఈ మహానగరంలో ఎక్కడుందో చెప్పండి.

ఉద్యోగస్తుల సంగతి కొన్నాళ్ళు వేరుగా ఉండేది. 1941 చట్టంతో పుట్టి మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పని మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వెళ్ళి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయేదాకా గన్‌ఫౌండ్రీ బ్యాంకు అంటే ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగికి సొంతిల్లే. అక్కడైనా, ఆఫీసులోని ఎంప్లాయీస్ క్రెడిట్ సొసైటీలోనైనా అప్పు కావాలంటే ఇద్దరు జమానతు సంతకం పెట్టాలి. ఆ ఇద్దరూ ఊరికే పెట్టేవాళ్ళు కాదు. రేపు తమ జీతంలోంచి కోస్తారన్న భయంతో ముందే కూర్చోబెట్టి అడిగేవాళ్ళు: 'పెళ్ళికి ఇంతెందుకురా? చిట్టీ ఎప్పుడు ఎత్తుకుంటావు? పాత సొసైటీ లోను ఇంకా ఎన్ని నెలలుంది?' చిరాకు పుట్టించే ప్రశ్నలే. కానీ ఆ మనిషి అప్పులన్నీ కలిపి ఒకేచోట లెక్క చూసింది ఆ జమానతుదార్లే. జీతమిచ్చే ఆఫీసు తెలుసు, ఇల్లు తెలుసు, అల్లుడి సంగతీ తెలుసు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ పద్ధతి ఏళ్ళలోనే మూలపడింది. ఆఫీసు గేటు బయటే క్రెడిట్ కార్డు ఫారాలు పట్టుకుని ఏజెంట్లు. జమానతు అక్కర్లేదు, జీతం స్లిప్పు చాలు. జమానతుదారు స్థానంలోకి స్కోరు వచ్చింది. 2000లో జనం అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ సంస్థ ఏర్పడింది, 2005లో క్రెడిట్ సమాచార సంస్థల చట్టం వచ్చింది. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకె అప్పివ్వాలా వద్దా అన్నది బ్యాంకుకు చెబుతుంది. తీసుకోవాలా వద్దా అన్నది అప్పుచేసేవాడికి చెప్పదు. దాని పని అది కాదు కూడా.

తర్వాత వసూళ్ళ గూండాగిరీ. 2007లో ప్రకాష్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు కండబలంతో వాహనాలు గుంజుకునే పద్ధతిని గట్టిగా మందలించింది. 2008 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు రికవరీ ఏజెంట్లకు నిబంధనలు పెట్టింది. అప్పుడే, సరిగ్గా ఆ వేడిలోనే, ఇందాక చెప్పిన ఆ రాబోయిన మనిషి కథ మొదలైంది.

2009 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాలకు ఒక నమూనా పథకం ప్రకటించింది. ఇవాళ చదివినా ముచ్చటేస్తుంది. సలహా ఉచితం. కేంద్రం బ్యాంకు పెట్టినదే అయినా బ్యాంకుకు దూరం పాటించాలి, వీలైతే బ్యాంకు ఆవరణలోనే ఉండకూడదు. సలహాదారు బ్యాంకు తరఫున అప్పు వసూలు చేయకూడదు, బ్యాంకు సరుకు అమ్మకూడదు. అప్పుకు ముందు జాగ్రత్త చెప్పడమొక్కటే కాదు, మునిగినవాడికి తీర్చే దారి గీసివ్వడం కూడా దాని పనే. రంబోల్డ్ చుట్టరికం నుంచి నేర్చుకోవాల్సిన పాఠం 186 ఏళ్ళకు ఒక సర్క్యులర్‌లోకి ఎక్కింది.

మూడేళ్ళు తిరిగేసరికి దారి మారింది. 2012 జూన్‌లో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఇవి ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలుగా మిగిలాయి. రుణ సలహా పేరులోంచే పోయింది. లీడ్ బ్యాంకు ఆఫీసులు, పల్లె శాఖలు నెలకో శిబిరం పెట్టి, ఖాతా తెరవడం, పొదుపు, బీమా గురించి చెప్పాలి. ఖాతాల్లేని పల్లెకు అది అవసరమే, కాదనను. కానీ ఎల్‌బీ నగర్‌లో ఆరు ఈఎంఐలతో సతమతమయ్యేవాడికి ఖాతా ఎలా తెరవాలో చెబితే ఏం లాభం? బ్యాంకుల సొంత డబ్బుతో, బ్యాంకులకే బాకీ తగ్గించుకునే దారి చూపే కేంద్రాలు నడవాలంటే గట్టి ఒత్తిడి ఉండాలి. ఆ ఒత్తిడి చేసేవాళ్ళు లేరు. నా మటుకు ఈ కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది, తర్వాత జరిగినవన్నీ ఈ ఖాళీలోకి వచ్చి చేరినవే.

ఈలోగా మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే వ్యాపారం) సంక్షోభం నడిచింది. పెద్ద కంపెనీల హెడ్డాఫీసులు చాలావరకు హైదరాబాద్‌లోనే. 2010 ఆగస్టులో వాటిలో ఒకటైన ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్‌కు వెళ్ళాయి. అక్టోబరులో ఆత్మహత్యల వార్తల నడుమ ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి మీదికి వెళ్ళి వసూలు చేయకూడదు, వారం కిస్తీలు కుదరవు, కంపెనీలు జిల్లాలో రిజిస్టరు కావాలి. వసూళ్ళు కుప్పకూలాయి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద రిజిస్టరైన సంస్థలకు ఈ చట్టం వర్తించదని తేల్చింది. పన్నెండేళ్ళు అప్పిచ్చేవాడి గురించే వాదనలు.

ఇక 2020. లాక్‌డౌన్‌లో జీతాలు ఆగినప్పుడు యాప్ అప్పులు వచ్చిపడ్డాయి. ఐదు వేలు అడిగితే మూడున్నర వేలు ఖాతాలో వేసి, వారంలో ఐదు వేలు కట్టమనే తరహా. గడువు దాటితే ఫోన్‌లోంచి లాక్కున్న కాంటాక్టులన్నిటికీ ఫొటో పెట్టి 'దొంగ' అని మెసేజీలు. మేనమామకు, పాత బాసుకు, పక్క ఫ్లాట్ ఆంటీకి. జమానతు అడగని అప్పు అనుకుంటే, ఫోన్‌బుక్‌లో ఉన్నవాళ్ళందరినీ అడక్కుండానే జమానతు పెట్టించుకుందన్నమాట. ఆ ఏడాది డిసెంబరులో తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. అరెస్టయినవాళ్ళలో చైనా జాతీయులూ ఉన్నారు. రిజర్వు బ్యాంకు వేసిన బృందం 2021 నవంబరు నివేదికలో, యాప్ స్టోర్లలో కనిపించిన దాదాపు 1,100 అప్పు యాప్‌లలో 600 దాకా అక్రమమైనవని చెప్పింది. 2022 సెప్టెంబరులో నిబంధనలు వచ్చాయి: కాంటాక్టులు, ఫొటోలు తాకకూడదు, ఏడాది మొత్తం ఖర్చు శాతం రూపంలో ముందే చూపాలి, కొద్ది రోజుల్లో మనసు మార్చుకుంటే జరిమానా లేకుండా వాపసు ఇచ్చుకోవచ్చు. 2025 జులై 1 నుంచి గుర్తింపున్న సంస్థల యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. ఆ జాబితా ఆయా సంస్థలే నింపేది, అంతవరకు గుర్తుపెట్టుకుని చూడాలి.

ఇవాళ హైదరాబాద్‌లో చిక్కుల్లో పడ్డవాడి ముందు తలుపులు లేవా అంటే ఉన్నాయి. ఒక్కో తలుపు వెనక ఒక్కో ముక్క. వేధింపు, బూతులు, మార్ఫింగ్ ఫొటోలైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పోలీసులు అది చూస్తారు, అప్పు చూడరు. బ్యాంకు, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్సు కంపెనీ) తప్పు చేస్తే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. పైసా ఖర్చులేదు, 14448 నంబరులో అడగొచ్చు. సాయంత్రం ఏడు దాటాక రికవరీ ఫోన్లు, చెప్పకుండా వేసిన ఛార్జీలు, ఇవన్నీ అక్కడ నడుస్తాయి. 'నేను కట్టలేను, తగ్గించండి' అన్నది మాత్రం అక్కడ ఫిర్యాదు కింద లెక్కకు రాదు. స్కోరు రిపోర్టులో తప్పుంటే ఏడాదికొకటి ఉచితంగా తెప్పించుకుని దిద్దమని అడగొచ్చు. 30 రోజులు దాటితే రోజుకు వంద రూపాయలు పరిహారం.

బేరానికి అసలైన చోటు పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ. లోక్ అదాలత్ నోటీసు వస్తే చాలామంది అరెస్టు వారంటు వచ్చినట్టు బెదిరిపోతారు. నిజానికి అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. ఒప్పుకోకపోతే పోయేదేమీ లేదు. ఒప్పుకుంటే మాత్రం దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి నెలకు ఎంత కట్టగలరో ఇంట్లో లెక్క తేల్చుకునే వెళ్ళాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం వాళ్ళకు వకీలు కూడా ఉచితం.

ప్రైవేటు సెటిల్‌మెంట్ దుకాణాలు ఈ ముక్కలన్నీ కలిపి చూస్తామంటాయి, అందుకే గిరాకీ. వాళ్ళలో పని తెలిసిన వకీళ్ళూ ఉండొచ్చు. ఈ పనికంటూ రిజర్వు బ్యాంకు ఇచ్చే లైసెన్సేదీ లేదు, కాబట్టి 'ఆర్‌బీఐ గుర్తింపు' అన్నారంటే అక్కడే లేచి రావచ్చు. ఫీజు ముందే కట్టించుకుని, ఈఎంఐలు ఆపేయమని చెప్పేవాళ్ళ దగ్గర మరీ జాగ్రత్త. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఖాతాలో డబ్బు లేక ఆటోడెబిట్ తిరిగొస్తే 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 కింద, చెక్ బౌన్స్ లాగే, కేసు పెట్టొచ్చు. సెటిలైన అప్పు రిపోర్టులో 'సెటిల్డ్' అనే ఉంటుంది, మొత్తం కట్టినట్టు ఉండదు.

ఏ బేరమూ కుదరనివాళ్ళకు మిగిలింది ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడం. పరువు పోతుందని మనవాళ్ళు ఆ మాట ఎత్తడానికే జంకుతారు. మామూలు మనిషికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే గతి. పిటిషన్ వేయడానికి అందులో పెట్టిన కనీస అప్పు ఐదు వందల రూపాయలు. దాన్ని తీసేసి కొత్త పద్ధతి పెడతామని 2016లో దివాలా స్మృతి తెచ్చారు. కంపెనీలకు అమలైంది, కంపెనీలకు హామీ ఉన్న వ్యక్తులకు 2019 డిసెంబరులో అమలైంది. జీతగాళ్ళకు, చిరువ్యాపారులకు వర్తించే భాగాన్ని నోటిఫై చేయలేదు. పేదల అప్పు కొట్టేసి కొత్తగా మొదలుపెట్టనిచ్చే అధ్యాయం ఒకటి అందులో ఉంది: ఏడాది ఆదాయం 60 వేలు మించకూడదు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు. అది రేపే అమల్లోకి వచ్చినా, ఈ ఊళ్ళో ఒక్క క్రెడిట్ కార్డు బాకీకే ఆ హద్దు చాలదు.