లాటిన్ బాతు, ఋగ్వేదపు ‘ఆతి’

లాటిన్‌లో బాతును ‘అనస్’ అంటారు. ‘బాతు యొక్క’ అనాలంటే అది ‘అనతిస్’ అవుతుంది. మాటకు ఆధారమైన ‘అనత్’ అనే ప్రాతిపదిక అక్కడే బయటపడుతుంది. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఒక ప్రజాతికి పెట్టిన ‘అనస్’ అనే పేరూ, బాతులూ హంసలూ చేరిన ‘అనాటిడే’ కుటుంబం పేరూ ఈ మాట నుంచే పుట్టాయి.

క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ పండితుడు వర్రో, ఈదడమనే అర్థమున్న ‘నారే’ నుంచి ‘అనస్’ వచ్చిందని రాశాడు. ఈదే పక్షికి ఈత పేరు పెట్టడం సబబుగానే తోస్తుంది కాని, ‘నారే’కు సంస్కృతంలో చుట్టం ‘స్నా’ ధాతువు, అంటే మన ‘స్నానం’లో ఉన్నదే, కనుక పూర్వం ‘నారే’ మొదట కూడా సకారం ఉండేది. ‘అనస్’కు గాని, దాని తోబుట్టువులైన లిథువేనియన్ ‘ఆంతిస్’, జర్మన్ ‘ఎంటె’లకు గాని ఆ సకారపు జాడ లేదు. పైగా మొదటి అకారం ఎక్కడిదో వర్రో చెప్పలేదు.

ఈ మాటల కుటుంబంలో సంస్కృత సభ్యురాలు ‘ఆతి’ అనే నీటిపక్షి. నకారం ఏమైందని అడగవచ్చు. ‘జన్’ నుంచి ‘జాత’, ‘ఖన్’ నుంచి ‘ఖాత’ ఏర్పడినప్పుడు నకారం పోయి అచ్చు దీర్ఘమైనట్టే ఇక్కడా జరిగింది. ఋగ్వేదం పదో మండలంలోని పురూరవ ఊర్వశీ సంవాదంలో అప్సరసలను ఆతులతో పోల్చారు. అదే కథను చెప్పే శతపథ బ్రాహ్మణంలో వారు ఆతులుగా మారి కొలనులో ఈదుతుంటారు.

రోములో ఈ మాటకు ఇంత కావ్యగౌరవం దక్కలేదు. ప్లాటస్ హాస్యనాటకంలో ‘చిన్ని బాతు’ ప్రేయసీప్రియుల ముద్దుపేర్లలో ఒకటి. కోడి కింద పొదిగించిన బాతుపిల్లలు నీళ్లు కనబడగానే తల్లిని వదిలి వెళ్లిపోతాయని రోమన్ వక్త సిసెరో రాశాడు. ముసలి స్త్రీలకు వచ్చే ఒక జబ్బునూ ‘అనస్’ అనేవారట. అయితే అది బాతుతో కాక, ముసలామె అనే అర్థమున్న ‘అనుస్’తో ముడిపడిన మాట.

ఇటాలియన్ ‘ఆనత్ర’, స్పానిష్ ‘ఆనదె’ లాటిన్ మాట వారసులే. ఫ్రెంచ్‌లో మాత్రం ‘కనార్’ అనే కొత్త మాట వచ్చి పాత ‘ఆన్’ను తోసేసింది. అయినా వడ్రంగులు కలపలో బెజ్జం తొలిచే సన్నని ఉలి పేరు ‘బెదాన్’లో, అంటే ‘బాతు ముక్కు’లో, అది మిగిలింది. ఫ్రెంచ్‌లో గాడిదనూ ‘ఆన్’ అంటారు కనుక, బాతును మరిచిన తరాల వారు దానిని ‘గాడిద ముక్కు’ అనుకుని అలాగే రాయడం మొదలుపెట్టారు.