ఎయిర్ ఫిల్టర్ తగాదా: అంతా కార్బొరేటర్ పోయాకే

మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద వరసగా పేర్చి, రోలర్‌తో తొక్కించిన ఫొటో పేపర్లో పడినప్పుడల్లా దాని వెనకాలే ఇంకో ప్రశ్న బయల్దేరుతుంది. సైలెన్సర్ సరే, ఎయిర్ ఫిల్టర్ సంగతేంటి? కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టర్ తీసేసి, కడిగి మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ వేయించుకుంటే అదీ నేరమేనా? రేపు ఇంజన్‌కి ఏదైనా అయితే వారంటీ పోయినట్టేనా? ఇప్పుడు దీనికి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు కూడా తోడవడంతో గొడవ మళ్లీ రాజుకుంది.

సర్వీస్ సెంటర్ల మాట సూటిగా ఉంటుంది. అది కంపెనీ పార్టు కాదు, దాంతో వచ్చే నష్టానికి మాకు సంబంధం లేదు, ఓనర్ మాన్యువల్లో రాసే ఉంది. వాళ్ల వైపు నుంచి చెప్పాల్సింది దాదాపు అంతే. బండ్లు నడిపేవాళ్లు, బయటి మెకానిక్‌లు చెప్పేది మాత్రం కాస్త పొడుగు. అది ఫిల్టర్‌తో మొదలవదు, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్‌తో మొదలవుతుంది.

ఫిల్టర్ ఎందుకుంటుంది, దుమ్ము లోపలికి పోతే పిస్టన్ రింగులు ఏమవుతాయి అన్నవి బండి ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. కాటన్ ఫిల్టర్ పుట్టుక కూడా ఒక్క ముక్కలో తేలిపోతుంది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మోటార్‌సైకిళ్లు అమ్ముకునే కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డోనల్డ్ 1960లలో, ఎడారి పందేల దుమ్ముకు విరుగుడుగా, సన్నటి తీగ వలల మధ్య కాటన్ గుడ్డ పొరలు పెట్టి, దానికి నూనె పట్టించి ఫిల్టర్ చేశారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే కె అండ్ ఎన్. తర్వాత ఇటలీ నుంచి బీఎంసీ, గ్రీసు నుంచి డీఎన్‌ఏ, ఇంగ్లండ్ నుంచి స్పాంజి రకంతో పైపర్‌క్రాస్ వచ్చాయి.

నిజానికి కడిగి వాడుకునే ఫిల్టర్ మనకేం కొత్త కాదు. బజాజ్ చేతక్ స్కూటర్‌లో ఉండేది ఇనుప జాలీ. పెట్రోల్లో ముంచి ఊపి, ఆరబెట్టి పెట్టేసేవారు. యమహా ఆర్ఎక్స్ 100లో ఉండేది స్పాంజి. ఉతికి, పిండి, కాస్త ఆయిలు పట్టించి మళ్లీ బిగించేవారు. కాగితం ఫిల్టర్ వచ్చాకే 'మార్చాల్సిందే' అన్న మాట సర్వీసు బిల్లులోకి ఎక్కింది. హోండా లాంటి కంపెనీలైతే నూనె పట్టించిన కాగితం వేశాయి. దానికి గాలి కొట్టకూడదు, కడగకూడదు, గడువు తీరాక పారేయాల్సిందే. అంటే ఇవాళ వేలు పోసి కొనుక్కుంటున్న సౌకర్యం ఒకప్పుడు బండితోపాటే వచ్చేది.

ఇక అసలు సంగతి. కార్బొరేటర్ బుల్లెట్ రోజుల్లో ఫిల్టర్ మార్చడమంటే సగం పనే. గాలి ఎక్కువ లోపలికి వెళ్తోందంటే దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పెంచాలని మెకానిక్‌కి తెలుసు. కార్బొరేటర్ గిన్నె విప్పి, పెట్రోలు వెళ్లే సన్న బెజ్జమున్న మెయిన్ జెట్ తీసి, దాని మీద చెక్కిన అంకె చూసి, ఒకటి రెండు మెట్లు పెద్ద జెట్ వేసేవాడు. తర్వాత బండిని ఊరి బయటికి తీసుకెళ్లి నాలుగు కిలోమీటర్లు గట్టిగా లాగించి, అక్కడే ఇంజన్ ఆపేసి ప్లగ్ విప్పేవాడు. కొస తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు చాలడం లేదు. మసి పట్టి నల్లగా ఉంటే ఎక్కువైంది. కాఫీపొడి రంగులో ఉంటే చేతులు తుడుచుకుని లేచేవాడు. కొలత పరికరం ఏదీ లేదు, కళ్లే. తప్పులు జరిగేవి, కానీ సరిదిద్దే స్క్రూడ్రైవర్ అతని చేతిలోనే ఉండేది.

ఆ స్క్రూడ్రైవర్ పోయిన తేదీ మనకు కచ్చితంగా తెలుసు. 2017 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్4 పొగ నిబంధనలు వచ్చినా చాలా బళ్లు కార్బొరేటర్‌తోనే నెట్టుకొచ్చాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చేసరికి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఆ ఏడాది జనవరిలోనే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయింది. ఇంజన్‌కి ఎంత పెట్రోలు పోయాలన్న నిర్ణయం గిన్నెలోని ఇత్తడి జెట్ నుంచి సీటు కింద సీలు వేసిన ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్‌లోకి పోయింది. ఇవాళ్టి తగాదా అంతటికీ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. చట్టాలు, వారంటీలు తర్వాతి సంగతులు.

ఈసీయూ ఏం చేస్తుందో కాస్త చూడాలి. సాఫీగా ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సార్ పొగను పసిగట్టి, గాలి 14.7 పాళ్లకు పెట్రోలు ఒక పాలు ఉండేలా సర్దుకుంటుంది. అప్పుడు ఫిల్టర్ ఏదైనా దానికి పెద్దగా పట్టదు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు మాత్రం ఈసీయూ సెన్సార్ మాట వినదు. కంపెనీ ముందే రాసిపెట్టిన పట్టిక చూసి పెట్రోలు పోస్తుంది. ఆ పట్టిక కంపెనీ ఫిల్టర్‌కి, ఆ ఫిల్టర్ ఉండే డబ్బాకి, అంటే కంపెనీ ఎయిర్‌బాక్స్‌కి రాసింది. గాలి పెరిగితే అక్కడ పెట్రోలు చాలక, ఇంజన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టప్పుమంటుంది.

అయితే ఎంత పెరుగుతుంది? రెండు వైపులా దాటేసేది ఈ ప్రశ్ననే. పాత ఎయిర్‌బాక్స్ అలాగే ఉంచి, లోపలి ఫిల్టర్ ఒక్కటే మార్చితే పెరిగే గాలి అతి స్వల్పం. ఎందుకంటే గాలికి అసలు అడ్డు ఫిల్టర్ కంటే ఎక్కువగా ఆ డబ్బా మూతికున్న సన్నటి గొట్టం. మామూలు బండిలో పవర్ తేడా, దాన్ని కొలిచే యంత్రం డైనో మీద పెట్టినా కొలత తేడాల్లో కలిసిపోయేంతే. మార్చిన మర్నాడు 'పికప్ అదిరింది' అనేవాళ్లలో చాలామంది ముందు నెలల తరబడి దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో తిరిగినవాళ్లే. వాళ్లు కొత్త కాగితం వేయించుకున్నా ఆ మాటే అనేవారు. ఎయిర్‌బాక్స్ మూత కోసి, లేదా డబ్బానే తీసేసి నేరుగా పాడ్ ఫిల్టర్ తగిలించడం మాత్రం పూర్తిగా వేరే పని. చప్పుడు పెరుగుతుంది, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది, పైన పెట్రోలు చాలదు. దానికి ఈసీయూ పట్టిక మార్చే విడి ఎలక్ట్రానిక్ డబ్బా కొనాలి. సర్వీస్ సెంటర్లు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం తగాదా. మిగతా సగం, మొదటిది చేసుకుని రెండోది చేసుకున్నట్టు గొప్పలు చెప్పుకునేవాళ్ల వల్ల.

ఇంకో భయం కూడా వినిపిస్తుంది: ఫిల్టర్ నూనె సెన్సార్‌కి అంటి పాడుచేస్తుందని. అది కార్ల కథ. చాలా కార్లలో గాలిని కొలిచే సన్నటి వేడి తీగ ఉంటుంది. మన సింగిల్ సిలిండర్ బళ్లలో ఆ తీగే ఉండదు.

చట్టం దగ్గరికి వద్దాం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. దానికి ఆధారం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. అదే ఏడాది చట్ట సవరణతో 182ఎ వచ్చింది: ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఈ మూడు ముక్కలూ కలిపి 'ఏం మార్చినా నేరమే' అని ప్రచారమైంది. కానీ 52వ సెక్షన్ మాట్లాడేది ఆర్‌సీలో నమోదైన వివరాల గురించి. అందులోని వివరణ ప్రకారం బండి మౌలిక లక్షణం మారిపోయేలా నిర్మాణాన్ని మార్చడమే 'మార్పు'. మీ ఆర్‌సీ తీసి చూసుకోండి, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, రంగు ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ ఉండదు. ఇక పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షంటారా, అది బండి నిలబెట్టి స్లోలో ఆడించి చేసేది. అంత తక్కువ గాలిలో ఏ ఫిల్టరైనా ఒకటే.

కాటన్ ఫిల్టర్ పుట్టిన కాలిఫోర్నియాలో ఈ రెండు చిక్కులకూ ఎప్పుడో దారి చూపించారు. బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ తోసిపుచ్చడానికి లేదని 1975 నాటి అమెరికా చట్టం చెబుతుంది. నష్టం ఆ పార్టు వల్లే జరిగిందని కంపెనీయే చూపించాలి. పొగ సంగతి చూడటానికి ఆ రాష్ట్ర గాలి కాలుష్య బోర్డు బయటి పార్టులను పరీక్షించి అనుమతి నంబరు ఇస్తుంది. మన దగ్గర ఫిల్టర్ పెట్టె మీద చూపించడానికి అలాంటి నంబరేదీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, కానీ కమిషన్ ముందుకు వెళ్లి పోరాడాల్సింది బండి ఓనరే.

ఇప్పుడు ఈ20. 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025కల్లా దాదాపు ప్రతి బంకుకీ వచ్చేసింది. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. అందుకే ఈ పెట్రోలుకు 14.7 బదులు సుమారు 13.5 పాళ్ల గాలే సరిపోతుంది. పాత పట్టిక ఉన్న బండిలో ఇది పోస్తే, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిన చోట పెట్రోలు చాలదు. సరిగ్గా ఫిల్టర్ మీద వేస్తున్న నిందే ఇది. పాత లెక్కతో ట్యూన్ చేసిన టూవీలర్లలో మైలేజీ 3–4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. బంకులో ఇంధనం మారినా వారంటీకి ఏమీ కానప్పుడు, పది స్క్రూలు విప్పి వేసుకున్న ఫిల్టర్‌కే ఎందుకు పోతుందని బండి ఓనర్లు అడుగుతున్నారు. దీనికి సర్వీస్ కౌంటర్‌లో దొరుకుతున్న జవాబు మళ్లీ మాన్యువల్ పేజీయే.

కంపెనీల వాదనలో బలమున్నది దుమ్ము దగ్గర. మంచి కాగితం నూటికి ఒక పాలు దుమ్ము వదిలితే, నూనె కాటన్ రెండు మూడు పాళ్లు వదులుతుందనుకుందాం. వినడానికి తేడా చిన్నదే, ఇంజన్‌కి చేరే దుమ్ము మాత్రం రెండు మూడింతలు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలోనో, బేతంచెర్ల బండల లారీల వెనకాలో రోజూ తిరిగేవారికి కాగితమే మేలు.

శుభ్రం చేయడం సులువన్న మాటకూ షరతులున్నాయి. దాని క్లీనరే చల్లి పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు పోయాలి. నీడలో ఆరనివ్వాలి. ప్రతి మడతకూ సన్నగా నూనె గీసి, ఎక్కడా తెల్లటి మచ్చ లేకుండా పాకేదాకా ఆగాలి. మన దగ్గర జరిగేది వేరు. వాటర్ వాష్ పంపుతో కొట్టి, కంప్రెసర్ గాలితో ఆరబెట్టి, ఇంజన్ ఆయిలు పూస్తారు. కాటన్ పోగులు విడిపోయి, ఎండకేసి చూస్తే సూది బెజ్జాల్లాంటి వెలుతురు కనిపిస్తుంది. ఆ ఫిల్టర్ మళ్లీ పెట్టడం కంటే ఊరికే పారేయడం నయం.

2025 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు, బండి లోపాలను బండే కనిపెట్టే ఓబీడీ ఏర్పాటు రెండో దశలో కఠినమైన నిబంధనలు వచ్చాయి. ఇంజన్ మిస్‌ఫైర్ అయినా, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడైనా మీటర్‌లో లైటు వెలుగుతుంది, కోడ్ నమోదవుతుంది. తప్పు ఫిల్టర్‌దా, పెట్రోలుదా, ప్లగ్‌దా అని ఆ కోడ్ ఒక్కటే చెప్పదు. ఈలోగా చాలామంది తమకు తోచిన దారి చూసుకున్నారు: పాత కాగితం ఫిల్టర్‌ని కవర్లో దాచిపెట్టి, సర్వీసుకి ఇచ్చే ముందు రాత్రి బిగించి పంపుతున్నారు. సర్వీస్ సెంటర్లకీ ఈ సంగతి తెలుసు.