ఒంటి మీద గీసుకునే రక్షగుర్తులు: అపోహలు, వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో పెళ్లిళ్లకు గోరింటాకు పెట్టడం నా పని. సంకల్పం చెప్పుకుని ఒంటి మీద గోరింటాకుతో చిన్న గుర్తు గీసుకోవడం నా సొంత సాధన. పచ్చబొట్టులా జన్మంతా ఉండదు, కొన్నాళ్లకు పోతుంది. ఈ గుర్తుల గురించి జనం అనే మాటల్లో కొన్ని నవ్వు తెప్పిస్తాయి, కొన్ని ఒంటికే చేటు.

అపోహ: నల్లగా పండితేనే శక్తి ఎక్కువ.

చేటు చేసేది ముఖ్యంగా ఇదే. గోరింటాకు నల్లగా పండదు. ఆకులోని లాసోన్ అనే రంగు చర్మం పైపొరను పట్టుకుంటుంది. తీయగానే నారింజ రంగులో ఉండి, రెండు రోజులకు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. పెట్టిన గంటకే బొగ్గులా నల్లబడిందంటే జుట్టు రంగుల్లో వేసే పారాఫినిలీన్ డయమీన్ కలిపారేమోనని అనుమానించండి. అది పడనివాళ్లకు గీసిన గీత వెంబడే పొక్కులు లేస్తాయి, అదే ఆకారంలో మచ్చ మిగిలిపోవచ్చు. తర్వాత ఎప్పుడో జుట్టుకు రంగు వేసుకున్నా ముఖం వాచే ప్రమాదం ఉంటుంది. జాతరల్లో, ఉర్సుల్లో అమ్మే ‘ఐదు నిమిషాల్లో ఎరుపు’ కోన్లనూ నమ్మొద్దు. ఏ ఆకూ ఐదు నిమిషాల్లో పండదు.

అపోహ: నల్లజీడి రసంతో గీస్తే దిష్టి తగలదు.

నల్లజీడి గింజను దారానికి గుచ్చి కట్టడం మన దగ్గర ఉన్నదే, కట్టుకోండి. రసం మాత్రం చర్మానికి తగలనివ్వకండి. చాకిరేవులో బట్టలకు చెరగని గుర్తులు పెట్టిన రసం అది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కి పుండ్లు పడతాయి.

అపోహ: ఇంట్లో చేసుకుంటే అంత బాగా పండదు.

కోన్ కొనడం కన్నా ఇదే నయం. రోట్లో నూరిన పచ్చి ఆకు బాగానే పండుతుంది కానీ సన్నగీతకు పనికిరాదు, పిప్పి అడ్డం పడుతుంది. ఎండిన ఆకు పొడిని పల్చటి బట్టలో జల్లించండి. నిమ్మరసం, కాస్త చక్కెర కలిపి మూత పెట్టి వదిలేయండి. చలికాలంలో రాత్రంతా నానాలి, పాలమూరు ఎండల్లో నాలుగైదు గంటలు చాలు. పైభాగం గోధుమరంగుకు తిరిగి లోపల పచ్చగా ఉంటే సిద్ధమైనట్టే. గీసి ఆరు గంటలు ఉంచి, నీళ్లతో కడక్కుండా గీకి తీసేయండి. అరచేతిలో ముదురుగా, మణికట్టు పైకి వెళ్లేకొద్దీ లేతగా పండుతుంది. చర్మం పైపొర రాలేకొద్దీ ఒకటి నుంచి మూడు వారాల్లో పోతుంది. ఒక్కరోజుకే కావాలంటే పసుపు, సున్నం కలిపిన పారాణి ఉంది, సున్నం మాత్రం చిటికెడు మించొద్దు, చర్మం కాలుతుంది.

పసిపిల్లలకు ఏదీ పెట్టకండి. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్న బిడ్డకు అసలైన గోరింటాకుతోనే ఎర్రరక్తకణాలు చితికిపోవచ్చు.

అపోహ: బీజాక్షరాలు లేకుండా గుర్తు పనిచేయదు.

బీజాక్షరాలకు ఉపదేశం కావాలని పెద్దలు చెబుతారు, నేను వాటి జోలికి పోను. ఇంగ్లండ్ చిత్రకారుడు ఆస్టిన్ ఆస్మాన్ స్పేర్ 20వ శతాబ్దం మొదట్లో వేరే దారి చూపాడు. కోరికను వాక్యంగా రాసి, మళ్లీ మళ్లీ వచ్చే అక్షరాలు కొట్టేసి, మిగిలినవి కలిపి ఒకే బొమ్మ చేయడం. ‘నేను నిద్రపోతాను’లో గుణింతాలు తీసేస్తే న, ద, ర, ప, త మిగులుతాయి. తలకట్లు తీసేసి ‘ద’ పొట్టలో ‘ర’ను ఇరికిస్తే సగం పని అయిపోతుంది, మన లిపి అంత గుండ్రం. నిద్ర పట్టేది గుర్తు మహిమ వల్లా, గీస్తూ మనసు కుదుటపడటం వల్లా అంటే, నేను రెండోదే అంటాను. నెలల తరబడి నిద్ర లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

అపోహ: ఇదీ చేతబడే, బాణామతే.

ఈ మాట తేలిగ్గా అనకండి. మన ఊళ్లలో ఈ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. నా చర్మం మీద, నా కోసం, నేను గీసుకునే గీత ఇది. ఇంకొకరి పేరు రాయమంటే రాయను, ‘అతను నా వైపు తిరగాలి’ అన్నా రాయను.

అపోహ: చెరిగిపోతే అరిష్టం.

పోవడానికే గీస్తాం. సగం చెరిగి చూడ్డానికి బాగోలేదనిపిస్తే కొబ్బరినూనె రాసి, కాసేపాగి సున్నిపిండితో రుద్దండి. ఒక్కసారికే పోదు, కాబట్టి ఇంటర్వ్యూనో పెళ్లిచూపులో ఉంటే భుజం మీద గీసుకోండి.