గుర్రపు డెక్క ఒక్కటే, ఆకారాలు రెండు

హైదరాబాద్ చెరువుల దగ్గర కాపురముండి గుర్రపు డెక్కను తిట్టుకోని వాళ్లుండరు. దోమలకు అదే అడ్డా. తిట్టుకుంటూనే ఈసారి కాస్త దగ్గరగా చూడండి. ఖాళీ నీళ్ల వైపు అంచున ఉన్న మొక్కలు పొట్టిగా ఉంటాయి, ఆకుకాడలు ఉబ్బి గుండ్రంగా కనిపిస్తాయి. గుంపు నడుమ పెరిగినవాటికి ఆ ఉబ్బు ఉండదు. కాడలు సన్నగా, నిటారుగా, ఒక్కోచోట మీటరు దాకా లేస్తాయి. రెంటినీ పక్కపక్కన పెడితే వేర్వేరు జాతులనే అనుకుంటాం.

నిజానికి చాలాసార్లు అవి ఒకే మొక్క పిలకలు. గుర్రపు డెక్క నీటి మీద అడ్డంగా తీగ సాచి, దాని కొసన పిల్ల మొక్కను వేస్తుంది. జన్యువులు తల్లివే. మరి ఆకారం ఎందుకు మారింది? ఉబ్బిన కాడను కోస్తే లోపలంతా స్పాంజిలా గాలి గదులు. ఒంటరి మొక్క తేలాలంటే అవి కావాలి. కిక్కిరిసిన చోట పక్క మొక్కలే ఆనుకుని నిలబెడతాయి, అక్కడ కరువల్లా వెలుతురుకే. అందుకే కాడ పైకి సాగుతుంది. గుంపులోని మొక్కను తీసి ఎండ తగిలే తొట్టిలో ఒంటరిగా వదిలితే, పాత కాడలు అలాగే ఉంటాయి, కొత్త ఆకులు మాత్రం ఉబ్బు కాడలతో వస్తాయి. ఒకే మొక్క మీద రెండు ఆకారాలన్నమాట!

డెన్మార్క్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ యోహాన్సెన్ ఈ సంగతినే బీన్స్ గింజల్లో పట్టుకున్నాడు. ఒకే మొక్క సంతతిలోంచి పెద్ద గింజలు, చిన్న గింజలు ఏరి విడివిడిగా నాటాడు. పెద్దవాటికి పెద్దవే కాయాలి కదా? కాయలేదు. రెండు వైపులా సగటు బరువు దాదాపు ఒకటేనని 1903లో ప్రకటించాడు. లోపలి వారసత్వానికి జీనోటైప్ అని, కంటికి కనిపించే రూపానికి ఫీనోటైప్ అని 1909లో పేర్లు పెట్టిందీ ఆయనే. బళ్లో ఈ రెండు మాటలూ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం గానీ, ఒక్క గుర్రపు డెక్కను చూపించి ఉంటే పావుగంటలో తేలిపోయేది.

అలాగని అన్నీ చోటును బట్టి మారవు. దీని ఊదా పూలలో కీలం (పువ్వు ఆడభాగంలోని సన్నని కాడ) పొడవును బట్టి మూడు రకాలున్నాయి: పొడుగు, మధ్యస్థం, పొట్టి. అది జన్యువులు తేల్చే విషయం, ఏ ఎండలో పెట్టినా రకం మారదు. పుట్టిల్లు దక్షిణ అమెరికాలో మూడూ కనిపిస్తాయి. మనుషులు పట్టుకెళ్లిన దేశాల్లో మాత్రం ఎక్కువగా మధ్యస్థమే. సముద్రం దాటిన మొక్కలు కొన్నే, ఆ తర్వాత పెరిగిందంతా చాలావరకు పిలకలతోనే మరి.