చారిజార్డ్ ఒకటా, రెండా?

విజయవాడ మొగల్రాజపురంలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం మధ్యాహ్నాలు పది పన్నెండు మంది పిల్లలు చాపలు పరుచుకుని పోకేమాన్ కార్డులు ఆడుకుంటారు. వేసవి సెలవులకు గుంటూరు బ్రాడీపేట నుంచి మేనత్త ఇంటికి వచ్చిన ఒక అబ్బాయి ఒక ఆదివారం తన డెక్‌లో, అంటే ఆటకు కూర్చుకున్న కార్డుల కట్టలో, చారిజార్డ్ అనే పోకేమాన్‌వి ఆరు 'చారిజార్డ్ ఈఎక్స్' కార్డులు పెట్టుకుని ఆటకు కూర్చున్నాడు. వాటిలో నాలుగు 2023 ఆగస్టులో విడుదలైన అబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్‌వి (సెట్ అంటే ఒకేసారి విడుదలయ్యే కార్డుల శ్రేణి), రెండు ఆ మరుసటి నెలలో వచ్చిన 151 సెట్‌వి. "బావా, నాలుగుకు మించకూడదు" అని మేనత్త కొడుకు పట్టుబట్టాడు. "ఇవి వేరు, అవి వేరు. బొమ్మ వేరు, దెబ్బ వేరు" అని ఇతడు ఒప్పుకోలేదు. పక్కన వన్ పీస్ అనే జపాన్ బొమ్మల కథ కార్డులు ఆడే పిల్లవాడు తన డెక్‌లో ఆ కథానాయకుడు లఫీ కార్డులు ఎనిమిది ఉన్నాయనీ, అది నిబంధనల ప్రకారమేననీ చెప్పడంతో వాదన మరింత ముదిరింది.

తీర్పు చెప్పడం సులభమే. పోకేమాన్‌లో ఆరు కుదరవు, వన్ పీస్‌లో ఎనిమిది కుదరవచ్చు, కాబట్టి మేనత్త కొడుకు చెప్పింది నిజం, లఫీల పిల్లవాడు చెప్పిందీ నిజమే. అయితే గుంటూరు అబ్బాయి అడిగిన ప్రశ్న అంతటితో తీరేది కాదు. "కార్డు వేరైనప్పుడు లెక్క ఎందుకు వేరు కాదు అంకుల్?" అన్నాడు. దీనికి జవాబు చెప్పాలంటే ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లాలి. ఒకే పాత్రకు అనేక కార్డులు వచ్చినప్పుడు వాటిని ఒకటిగా లెక్కించాలా, వేర్వేరుగా లెక్కించాలా అన్న విషయంలో ఈ ఆటలు తయారుచేసేవారే పలుమార్లు మనసు మార్చుకున్నారు.

మామూలు పేకలో ఈ చిక్కు లేదు. యాభై రెండు ముక్కలు అందరికీ ఒకటే, ఇస్పేటు రాజు ఒక్కడే. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసిన మ్యాజిక్: ది గ్యాదరింగ్‌తో ఆ పద్ధతి మారిపోయింది. ఆటగాడు ప్యాకెట్లు కొని, స్నేహితులతో మార్చుకుని, తన డెక్‌ను తానే కూర్చుకోవాలి. మొదటి నిబంధనల్లో ఒకే కార్డును ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. బలమైన కార్డు ఒకటి దొరికితే దానితోనే డెక్ అంతా నింపేస్తున్నారని తెలిశాక, ఒకే పేరున్న కార్డులు నాలుగుకు మించకూడదన్న పరిమితి పోటీల్లో అమలులోకి వచ్చింది. ఇక్కడ గమనించవలసింది 'పేరు' అన్న మాట. లెక్కకు ఆధారం బొమ్మా కాదు, బలమూ కాదు, కార్డు పైభాగాన అచ్చువేసిన పేరు. మా సెల్లార్‌లో నడిచిన వాదనకు మూలం అక్కడే ఉంది.

1994 జూన్‌లో వచ్చిన లెజెండ్స్ అనే సెట్ పేరున్న వ్యక్తుల కోసం మొదటిసారిగా 'లెజెండ్' అనే ప్రత్యేక కార్డు రకాన్ని తెచ్చింది. అంతకుముందు చాలా కార్డుల మీద ఉన్నది ఏదో ఒక సింహం, ఎవరో ఒక సైనికుడు, అటువంటివారు ఎందరైనా ఉండవచ్చు. పేరున్న వ్యక్తి లోకంలో ఒక్కడే కనుక బల్ల మీద ఇద్దరు కనిపించడం సబబు కాదని నిర్వాహకులు భావించారు. అందువల్ల ముందు వచ్చినదే నిలుస్తుంది, అదే పేరుతో తరువాత వచ్చిన కార్డు ఎవరిదైనా సరే పోతుంది అని నియమం పెట్టారు. ఈ నియమంతో ముందు ఆడే అవకాశం దక్కినవాడికే అంతా అనుకూలమైపోయింది. 2004 అక్టోబరులో ఛాంపియన్స్ ఆఫ్ కమిగవ సెట్‌తో దాన్ని మార్చి, ఒకే పేరున్న రెండు కార్డులు ఎదురుపడితే రెండూ పోతాయన్నారు. దానితో ఎదుటివాడి వీరుణ్ణి తొలగించడానికి అదే వీరుడి కార్డును పిడుగులా వాడుకోవడం మొదలైంది. చివరకు 2013 జులైలో, ఎవరి బల్ల లెక్క వారిదేననీ, తన వైపు ఒకే పేరుతో రెండు కార్డులు ఉంటే వాటిలో ఏది ఉంచుకోవాలో ఆ ఆటగాడే ఎంచుకుంటాడనీ తేల్చారు. నా దృష్టిలో ఈ మూడింటిలో న్యాయమైనది ఇదే. ఎదుటివాడు కూడా అదే పాత్రను ఇష్టపడ్డాడన్న కారణంతో నా కార్డు పోవడం ఆటకు మేలు చేసే విషయం కాదు.

పాత్ర ఒకటే, పేర్లు వేరు అయినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న ఇంకా మిగిలింది. 2007 అక్టోబరులో మ్యాజిక్‌లోనే లోర్విన్ సెట్‌తో ప్లేన్స్‌వాకర్లు, అంటే లోకాల మధ్య తిరిగే మాంత్రికులు, అనే కొత్త రకం కార్డులు వచ్చాయి. వాటిలో జేస్ బెలెరెన్ ఒకడు. 2010 ఫిబ్రవరిలో వరల్డ్‌వేక్ సెట్‌లో అదే జేస్ 'ది మైండ్ స్కల్ప్టర్' అన్న బిరుదుతో మళ్లీ వచ్చాడు. నాలుగు సామర్థ్యాలున్న తొలి ప్లేన్స్‌వాకర్ అతడే. కార్డు పేర్లు వేరు కనుక డెక్‌లో నాలుగేసి చొప్పున రెండింటినీ పెట్టుకోవచ్చు. కానీ ప్లేన్స్‌వాకర్లకు ఉన్న ప్రత్యేక నియమం కార్డు పేరును కాక వ్యక్తిని చూసేది. అప్పట్లో ఇద్దరు జేస్‌లు బల్ల మీద కలిస్తే, ఎవరి పక్షాన ఉన్నా, ఇద్దరూ పోవలసిందే. కొత్త జేస్‌ను దించడానికి నాలుగు మానా (కార్డు దించడానికి ఖర్చుపెట్టే శక్తి) కావాలి, పాత జేస్‌కు మూడు చాలు. అందువల్ల ఎదుటివాడి బలమైన జేస్‌ను తీసేయడానికో, అతడు దిగకముందే దారి మూసేయడానికో చవకైన జేస్‌ను డెక్‌లో పెట్టుకోవడం ఒక పద్ధతిగా స్థిరపడింది. ఏ జేస్ మెరుగైనవాడు అన్న ప్రశ్న కాస్తా, బల్ల మీద ఇప్పుడు ఏ జేస్ ఉన్నాడు, ఎవరు ముందు దించారు అన్న ప్రశ్నగా మారిపోయింది. ఆ మైండ్ స్కల్ప్టర్ ఎంతగా రాజ్యమేలాడంటే, 2011 జూన్‌లో స్టాండర్డ్ పోటీల నుంచి, అంటే ఇటీవలి సెట్లతోనే ఆడే పోటీల నుంచి, అతణ్ణి నిషేధించారు. పాత సెట్లను కూడా అనుమతిస్తూ అదే ఏడాది మొదలైన మోడర్న్ విభాగంలో తొలినుంచీ నిషిద్ధ జాబితాలోనే ఉండి, 2018 ఫిబ్రవరిలో గానీ బయటికి రాలేదు. ఈలోగా 2017 సెప్టెంబరులో ఇక్సలాన్ సెట్‌తో వ్యక్తిని చూసే నియమాన్ని తీసేసి, ప్లేన్స్‌వాకర్లకూ పేరునే కొలబద్దగా చేశారు. అప్పటినుంచి వేర్వేరు పేర్లున్న ఇద్దరు జేస్‌లు ఒకే బల్ల మీద పక్కపక్కనే నిలబడవచ్చు.

మనవైపు వారికి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదని నేను అనుకుంటాను. విజయవాడ, గుంటూరు నడుమ ఉన్న మంగళగిరిలో కొండ దిగువన లక్ష్మీనరసింహస్వామి, కొండ మీద పానకాలస్వామి, శిఖరాన గండాలయస్వామి ఉన్నారు. స్వామి ఒక్కడా, ముగ్గురా అని భక్తులెవరూ తర్కించరు. పానకం మొక్కుకున్నవారు మధ్యలో ఆగుతారు, గండం గడవాలని దీపం మొక్కుకున్నవారు పైకి ఎక్కుతారు. మన దేశపు పాత పేకలోనూ ఈ ఆలోచన ఉంది. దశావతార గంజీఫాలో అవతారానికి పన్నెండు చొప్పున నూట ఇరవై గుండ్రని ముక్కలు ఉంటాయి. నిర్మల్ చిత్రకారులు కూడా గంజీఫా ముక్కలు చేసిచ్చేవారు. ఆ ఆటలో పగలైతే రాముడి రాజు ఎవరి చేతిలో ఉంటే వారు, రాత్రైతే కృష్ణుడి రాజు ఉన్నవారు ఆట మొదలుపెట్టాలి. విష్ణువు ఒక్కడే అయినా, ఏ రూపానికి ఎప్పుడు పెద్దరికం అన్నది వేళను బట్టి ఉంటుందని ఆ ఆట ఏర్పరచినవారు ఎంత చక్కగా నిర్ణయించారో తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చట వేస్తుంది.

పోకేమాన్ కార్డులు జపాన్‌లో 1996 అక్టోబరులో మొదలయ్యాయి, ఇంగ్లిష్‌లో 1999 జనవరిలో వచ్చాయి. డెక్‌కు అరవై కార్డులు, బేసిక్ ఎనర్జీ (దెబ్బ కొట్టడానికి కావలసిన మామూలు శక్తి కార్డులు) తప్ప ఒకే పేరున్నవి నాలుగుకు మించరాదు. ఆ తొలి సెట్‌లోని చారిజార్డ్‌కు ప్రాణబలం 120, ఒక్క దెబ్బకు 100, ఆ దెబ్బ కొట్టిన ప్రతిసారీ రెండు ఎనర్జీలు వదులుకోవాలి. 2000లో డార్క్ చారిజార్డ్, బ్లెయిన్స్ చారిజార్డ్ వచ్చాయి. వీటి పేర్లలోనే ముందు మాట చేరింది కనుక ఇవి చారిజార్డ్ లెక్కలోకి రావు, దేనికదే నాలుగు. ఆ తరువాతి కాలంలో పేరు చివర గుర్తులు చేరుతూ వచ్చాయి: ఒకప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల ఈఎక్స్ (ex), 2012 నుంచి పెద్ద అక్షరాల ఈఎక్స్ (EX), 2017లో జీఎక్స్, 2020లో వీ, వీమ్యాక్స్, 2023లో తిరిగి చిన్న అక్షరాల ఈఎక్స్. ఈ గుర్తులు పేరులో భాగమే. కాబట్టి మామూలు చారిజార్డ్ నాలుగు, చారిజార్డ్ ఈఎక్స్ నాలుగు కలిపి ఒకే డెక్‌లో పెట్టుకున్నా తప్పులేదు. కానీ చారిజార్డ్ ఈఎక్స్ అన్న పేరుతో రెండు వేర్వేరు కార్డులు ఉంటే, రెండూ కలిపే నాలుగు. 2014 మే నెలలో వచ్చిన ఫ్లాష్‌ఫైర్ సెట్‌లోనైతే ఒక్క సెట్‌లోనే వేర్వేరు దెబ్బలున్న రెండు చారిజార్డ్ ఈఎక్స్‌లు వచ్చాయి. వాటి పైన మెగా రూపాలు కూడా రెండు, ఒకటి నిప్పు రకం, ఒకటి డ్రాగన్ రకం. బ్రాడీపేట అబ్బాయికి ఎదురైన సమస్య ఆనాడు ఆడినవారందరికీ ఎదురైనదే.

మిగతా ఆటలు తలా ఒక దారి పట్టాయి. యూ-గి-ఓలో ఒకే పేరున్నవి మూడే, కొన్ని కార్డుల మీద 'దీని పేరును ఫలానా పేరుగా లెక్కించాలి' అని రాసి మరీ కట్టడి చేశారు. హార్పీ లేడీ 1, 2, 3 అన్న మూడు కార్డులూ హార్పీ లేడీ కిందికే వచ్చి, అన్నీ కలిపి మూడుకు మించవు. 2023 ఆగస్టులో మొదలైన డిస్నీ లోర్కానాలో పాత్ర పేరు కింద రూపం పేరు విడిగా ఉంటుంది. రెండూ కలిసిన పూర్తి పేరుకు నాలుగు కార్డుల పరిమితి. పైగా ఒకే పాత్ర తాలూకు చిన్న రూపం బల్ల మీద ఉంటే, దాని మీదే పెద్ద రూపాన్ని తక్కువ ఖర్చుతో దించే వీలు కల్పించారు. అంటే ఈ ఆటలో రూపాలు ఒకదానికొకటి పోటీ కాదు, తోడు. బందాయ్ సంస్థ 2022లో తెచ్చిన వన్ పీస్ ఆట పేరును పూర్తిగా పక్కన పెట్టి, కార్డు మీది సంఖ్యను లెక్కలోకి తీసుకుంది. యాభై కార్డుల డెక్‌లో ఒకే సంఖ్య ఉన్నవి నాలుగు ఉండవచ్చు. డెక్‌కు నాయకుడిగా ఉండే లీడర్ కార్డు రంగుకు సరిపడితే చాలు, రెండు వేర్వేరు సంఖ్యలున్న లఫీలు నాలుగు నాలుగు ఎనిమిది. సెల్లార్‌లో ఆ పిల్లవాడు చెప్పింది ఈ లెక్కే.

ఇప్పుడు అసలు ఎంపికకు వద్దాం. అబ్సిడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్‌కు, 151 చారిజార్డ్‌కు ప్రాణబలం ఒకటే, 330. రెండూ మామూలుగా చార్మీలియన్ అనే ముందు మెట్టు పోకేమాన్ మీద ఎదుగుతాయి, రెండింటిలో ఏది పడిపోయినా ఎదుటివాడు రెండు ప్రైజ్ కార్డులు (ఆట మొదట్లో పక్కన పెట్టుకునేవి, అన్నీ తీసుకున్నవాడు గెలుస్తాడు) తీసుకుంటాడు. మొదటిది చీకటి రకం. చేతిలోనుంచి దాన్ని ఎదిగించిన క్షణాన డెక్‌లోనుంచి మూడు నిప్పు ఎనర్జీల దాకా వెతికి తగిలించుకోవచ్చు. దాని దెబ్బ 180, ఎదుటివాడు తీసుకున్న ప్రతి ప్రైజ్ కార్డుకు ఇంకో 30 కలుస్తుంది. వెనకబడేకొద్దీ బలం పెరిగే కార్డు అది. రెండవది నిప్పు రకం. దెబ్బ నేరుగా 330, కానీ కొట్టాక మూడు ఎనర్జీలు పారేయాలి, మరుసటి వంతుకు వాటిని మళ్లీ కూడబెట్టుకోవాలి. తొలి చారిజార్డ్ స్వభావం దీనిలోనే ఎక్కువగా నిలిచి ఉంది. పిల్లలకు మనసు దీని మీదకు పోవడంలో ఆశ్చర్యం లేదు, పెద్ద అంకె కనిపిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

అయితే రకం భేదమే చాలాసార్లు ఎంపికను నిర్ణయిస్తుంది. గార్డెవోయిర్ ఈఎక్స్ అనే మరో పోకేమాన్ కార్డుకు ప్రాణబలం 310, చీకటి దానికి బలహీనత. కాబట్టి మొదటి చారిజార్డ్ కొట్టే 180 అక్కడ రెట్టింపై 360 అవుతుంది, ప్రైజ్ కార్డుల సాయం కూడా అక్కరలేదు. రెండవ చారిజార్డ్ గడ్డి రకాల మీద, లోహపు రకాల మీద రాణిస్తుంది. ఆత్మరక్షణ కూడా చూసుకోవాలి, మొదటిదానికి గడ్డి గండం, రెండవదానికి నీరు గండం. ఎనర్జీ తెచ్చుకునే దారి మొదటి కార్డులోనే ఉంది. రెండవదానికి ఆ పని వేరే కార్డులు చేయాలి, వాటికి అరవైలో చోటు వెతకాలి. ఈ కారణాల వల్ల నేనైతే నాలుగు స్థానాల్లో మూడు మొదటిదానికే ఇస్తాను. నాలుగవ స్థానం ఆ ఊళ్లో, ఆ ఆదివారం ఎదురుగా కూర్చునేవారి డెక్‌లను బట్టి ఉంటుంది.

ఈ ఊళ్లలో ఎదురయ్యే మరో ఇబ్బందిని కూడా చెప్పాలి. బజారులో చవకగా దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు నకిలీవి. ఏ సెట్‌లోనూ లేని దెబ్బలు, తప్పుగా అచ్చయిన పేర్లు వాటి మీద ఉంటాయి. పేరే లెక్కకు ఆధారమైన ఆటలో పేరు తప్పుగా ఉన్న కార్డు ఎన్నవదని చెప్పలేం. పిల్లవాడు దాచుకున్న డబ్బుతో కొన్నది అటువంటిదని చెప్పవలసి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. కార్డులన్న మాట వినగానే పేకాట గుర్తొచ్చి ఇంట్లో దాచేయమనే తల్లిదండ్రులు, కొనేటప్పుడు పిల్లల పక్కన నిలబడి కార్డు మీది పేరు, అడుగున ఉండే సెట్ సంఖ్య ఒకసారి చూస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

గుంటూరు అబ్బాయి నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, కార్డులన్నీ చాప మీద పరిచి మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. అబ్సిడియన్ ఫ్లేమ్స్‌వి మూడు, 151 సెట్‌ది ఒకటి ఉంచుకున్నాడు. డెక్‌లోనుంచి తీసిన రెండింటిలో అబ్సిడియన్ ఫ్లేమ్స్‌ది తన ఫైలులో దాచుకుని, 151 సెట్‌ది మేనత్త కొడుక్కి ఇచ్చి, బదులుగా మధ్య మెట్టు దాటించి పోకేమాన్‌ను ఎదిగించే రేర్ క్యాండీ కార్డులు రెండు తీసుకుని ఖాళీ అయిన రెండు చోట్లలో పెట్టుకున్నాడు.