శ్రీలంకలో అధికార పంపిణీ: ఒప్పుకోవడం, రద్దు చేయడం, మళ్ళీ మొదటికి రావడం

శ్రీలంకలో ఫెడరల్ అంటే, అదే ప్రాంతాలకి సొంత అధికారాలుండే పద్ధతి అంటే, అది తమిళుల డిమాండ్ అనుకుంటారు చాలామంది, కానీ ఆ మాట ముందు ఎత్తింది సింహళీయులే. 1926లోనే, తర్వాత ప్రధాని అయిన బండారనాయకే ఫెడరల్ పద్ధతి కావాలని వాదించాడు, తర్వాత రాజ్యాంగ మార్పుల కోసం బ్రిటిష్ వాళ్ళు పంపిన డొనమోర్ కమిషన్ వచ్చినప్పుడు కొండప్రాంతమైన క్యాండీ సింహళ నాయకులూ అదే అడిగారు, తీరప్రాంతం వాళ్ళు తమ మీద పెత్తనం చేస్తారని వాళ్ళ భయం. చెల్వనాయగం తమిళుల తరఫున ఫెడరల్ పార్టీ పెట్టింది 1949లో.

అదే బండారనాయకే 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం తెచ్చాడు. గొడవ ముదిరాక 1957లో ప్రాంతీయ మండళ్ళు ఇస్తానని చెల్వనాయగంతో ఒప్పందం చేసుకున్నాడు. ప్రతిపక్షంలో ఉన్న జయవర్ధనే దానికి వ్యతిరేకంగా క్యాండీకి పాదయాత్ర మొదలుపెట్టాడు. 1958 ఏప్రిల్‌లో బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందే బైఠాయించారు, రద్దు చేస్తున్నా అని నోటిమాటగా చెప్తే కుదరదు రాసివ్వమన్నారు, ఆయన రాసిచ్చేశాడు. 1965లో ప్రధాని డడ్లీ సేనానాయకే జిల్లా మండళ్ళు ఇస్తానన్నాడు, ఈసారి అడ్డం తిరిగింది బండారనాయకే పార్టీ! అధికారంలో ఉంటే ఒకమాట, దిగిపోతే ఇంకోమాట, మధ్యలో నలిగిపోయింది మాత్రం మామూలు జనం.

1981లో ఉత్తరాన తమిళుల పట్టణం జాఫ్నాలో లైబ్రరీ తగలబెట్టారు, 1983లో తమిళుల మీద ఊచకోత, ఆపైన యుద్ధం. 1987 జులైలో రాజీవ్ గాంధీతో ఒప్పందం మీద సంతకం పెట్టింది ఎవరో కాదు, అప్పుడు పాదయాత్ర చేసి, ఇప్పుడు ప్రెసిడెంట్ అయిన జయవర్ధనేనే. దాంతో రాజ్యాంగానికి 13వ సవరణ, ప్రావిన్సులకి ఎన్నికైన ప్రొవిన్షియల్ కౌన్సిళ్ళు వచ్చాయి. కాగితం మీద భూమి, పోలీసు కూడా కౌన్సిళ్ళవే గానీ చేతికి మాత్రం ఇవ్వలేదు, పైన ప్రెసిడెంట్ వేసిన గవర్నర్. ఉత్తర, తూర్పు ప్రావిన్సులని కలిపేశారు, తూర్పున పెద్ద సంఖ్యలో ఉన్న ముస్లింలని ఎవరూ అడగలేదు, నా దృష్టిలో ఇది చాలా పెద్ద అన్యాయం. 1990లో ప్రత్యేక తమిళ దేశం కోసం యుద్ధం చేస్తున్న ఎల్‌టీటీఈ ఉత్తరాది ముస్లింలని ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టాక వాళ్ళు ఎవరిని నమ్మాలి? 2006లో సుప్రీంకోర్టు ఆ విలీనం చెల్లదంది.

యుద్ధం 2009లో అయిపోయింది, ఉత్తర ప్రావిన్స్‌కి కౌన్సిల్ ఎన్నిక జరగడానికి 2013 దాకా పట్టింది. తర్వాత 2017లో కౌన్సిళ్ళ ఎన్నికల పద్ధతి మార్చేశారు, కొత్త పద్ధతికి నియోజకవర్గాల హద్దులు గీసిన రిపోర్ట్ 2018లో పార్లమెంట్‌కి వస్తే అనుకూలంగా ఒక్క ఓటు కూడా పడలేదు. పాత పద్ధతి పోయింది, కొత్తది రాలేదు, కౌన్సిళ్ళ గడువులు ఒక్కొక్కటిగా తీరిపోయి మొత్తం గవర్నర్ల చేతికి పోయింది.