ఒక్క ఆబోతు, లక్షల దూడలు

సంక్రాంతి రోజుల్లో గుంటూరు జిల్లాలో ఎక్కడో ఒక ఊళ్లో బండలాగుడు పోటీ జరుగుతూనే ఉంటుంది. పోయిన పండక్కి తెనాలి దగ్గర ఒక ఊళ్లో, నాలుగు పళ్ల విభాగంలో పోటీకి వచ్చిన ఒంగోలు గిత్తల జత పక్కన నేను చాలాసేపు నిలబడ్డాను. తెల్లటి ఒళ్లు, మూపురం దగ్గరికి వచ్చేసరికి బూడిద ఛాయ. కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి గీత. ముట్టె నలుపు, తోక కుచ్చు నలుపు. గంగడోలు మెడ కింద నుంచి ముందుకాళ్ల మధ్య దాకా మడతలు పడి వేలాడుతోంది. యజమాని ఒక గిత్త వీపు మీద వెంట్రుకలను వేళ్లతో పాయ తీసి చూపించాడు. తెల్లటి వెంట్రుకల కింద చర్మం నల్లగా ఉంది.

తెల్లటి వెంట్రుక ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. దాన్ని దాటి లోపలికి వచ్చిన అతినీలలోహిత కిరణాలను నల్లటి చర్మం అడ్డుకుంటుంది. మూపురం ఉన్న మన జాతుల చర్మంలో చెమట గ్రంథులు ఐరోపా జాతులకన్నా పెద్దవి, సంఖ్యలోనూ ఎక్కువ. రోహిణి కార్తెలో గుంటూరు ఎండను తట్టుకుని అరక లాగే శక్తి ఇలా కూడింది. ఇందులో సగం పని ఎండే చేసింది. మిగతా సగం, ఏ కోడెను ఆబోతుగా వదలాలి, ఏ కోడెకు విత్తులు కొట్టించి నాగలికి కట్టాలి అని తరతరాలుగా తేల్చుకుంటూ వచ్చిన రైతులు చేశారు.

బాధ్యత లేకుండా తిరిగేవాణ్ని అచ్చోసిన ఆంబోతు అని తిడతాం. ఆ మాట వెనుక ఒక పశుపోషణ పద్ధతి ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు వారి పేరిట ఒక కోడెదూడకు అచ్చు వేసి దేవుడికి వదిలేవారు. దాన్ని ఎవరూ కట్టెయ్యరు, ఎవరి చేలో మేసినా కొట్టరు. ఊళ్లో ఆవులకు అదే దిక్కు. ఆ దూడ బలహీనమైనదైతే కొన్నేళ్లలో ఊరి ఎడ్లన్నీ బలహీనమవుతాయి. అందుకే మంచి తల్లికి పుట్టిన దూడను, కాలూ వీపూ గట్టిగా ఉన్నదాన్ని చూసి మరీ వదిలేవారు. ఆవు ఏడాదికి ఒక్క దూడను ఇవ్వడమే ఎక్కువ. ఆబోతు వందల దూడలకు తండ్రి కాగలదు. కాబట్టి జాతిని ఎంపికతో తీర్చిదిద్దడం అంటే ముఖ్యంగా తండ్రులను ఎంచడం, అంటే తండ్రుల సంఖ్యను తగ్గించడం. జాతికి వచ్చే లాభమూ నష్టమూ రెండూ ఈ ఒక్క పనిలోంచే పుడతాయి.

దీన్ని ఒక లెక్క ప్రకారం చేసినవారిలో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్ రైతు రాబర్ట్ బేక్‌వెల్ (1725–1795) పేరు ముందు చెబుతారు. ఆయన పొట్టేళ్లను మంద నుంచి విడదీసి, నచ్చినవాటినే దాటించాడు. దగ్గరి రక్త సంబంధం ఉన్నా వెనకాడలేదు. మంచి పొట్టేళ్లను ఊళ్లకు అద్దెకిచ్చి, పుట్టిన పిల్లలను చూసి తండ్రి విలువ కట్టాడు. ఈనాటికీ మూల పద్ధతి అదే. తండ్రిని చూసి కాదు, కూతుళ్ల పాలు కొలిచి తండ్రికి విలువ కడతారు.

ఫలితం ఎంత పెద్దదో అమెరికా పాడి ఆవులను చూస్తే తెలుస్తుంది. 1950లో అక్కడ ఒక ఆవు ఏడాదికి సగటున 2,400 కిలోల పాలు ఇచ్చేది. 2020 నాటికి అది 10,000 కిలోలు దాటింది. మేత, వైద్యం మెరుగుపడటం ఒక కారణమైతే, పెరుగుదలలో సుమారు సగం వంశం తెచ్చినది. మన ఒంగోలు ఆవు ఒక ఈతకు ఇచ్చేది వెయ్యి కిలోల లోపే. దాన్ని పాల కోసం ఎవరూ అంత పట్టుగా ఎంచలేదు. ఎంచినది లాగుడు బలానికి.

అదే ఒంగోలు పశువు 19వ శతాబ్దంలో ఓడ ఎక్కి బ్రెజిల్ చేరింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడివారు దాన్ని నెలోర్ అన్నారు. వాళ్లు మాంసం కోసం ఎంచారు, బరువు తూచి ఎంచారు. వియాటినా-19 అనే నెలోర్ ఆవు 1,100 కిలోలు తూగింది. 2023 వేలంలో దానికి కట్టిన విలువ 40 లక్షల డాలర్లు దాటి, ప్రపంచంలోనే ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఒంగోలు పక్కనే ఉన్న కరవది ఊరి పేరు మోస్తూ 1960లలో వెళ్లిన ఒక ఆబోతు నేటి నెలోర్ వంశావళుల్లో పదే పదే కనిపిస్తుంది. మన ఊళ్ల పేర్లు అక్కడి పశువుల రికార్డుల్లో చదువుతుంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ వెంటనే, ఒక్క ఆబోతు పేరు అన్నిసార్లు కనిపించడం ఏమిటన్న దిగులూ కలుగుతుంది.

ఆ దిగులుకు కారణం హోల్‌స్టీన్ అనే పాడి జాతికి చెందిన ఒక ఆబోతు కథ. 1962లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టిన దాని పేరు పానీ ఫామ్ ఆర్లిండా చీఫ్. దాని కూతుళ్లు విపరీతంగా పాలిచ్చాయి. అందరూ దాని వీర్యమే కోరుకున్నారు. చీఫ్‌కు 16,000 మంది కూతుళ్లు, 5 లక్షల మంది మనవరాళ్లు, 20 లక్షలకు పైగా మునిమనవరాళ్లు. అమెరికా హోల్‌స్టీన్ ఆవుల జన్యు సంపదలో సుమారు 14 శాతం ఆ ఒక్క ఆబోతుదే.

చీఫ్ మోసిన జన్యువుల్లో ఒకటి పాడైపోయింది. ఏపీఏఎఫ్‌1 అనే ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో పిండం ఎదగడానికి కావలసిన ఒక ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి గనుక ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది. చీఫ్ ఆరోగ్యంగానే ఉంది, దాని పిల్లలూ ఆరోగ్యంగానే ఉన్నారు. కానీ ఆ పాడు ప్రతిని మోసే ఆవును, దాన్నే మోసే ఆబోతుతో దాటిస్తే, నాలుగింట ఒక పిండానికి రెండూ పాడు ప్రతులే వస్తాయి. ఆ పిండం బతకదు.

పుట్టిన దూడకు జబ్బు ఉంటే కంటికి కనిపిస్తుంది. పుట్టనే లేని దూడ ఎవరికీ కనిపించదు. చూడి నిలవలేదని, ఈచుకుపోయిందని రైతు అనుకుంటాడు, మళ్లీ ఎదకు వచ్చేదాకా ఎదురుచూస్తాడు. అలా దశాబ్దాలు గడిచాయి. 2011లో శాస్త్రజ్ఞులు వేల హోల్‌స్టీన్ పశువుల జన్యు వివరాలను కంప్యూటర్‌లో పోల్చి చూస్తూ, ఉన్నవాటిని కాకుండా లేనివాటిని వెతికారు. ఒక జన్యు ఖండం జాతిలో చాలా పశువులకు ఒక ప్రతిగా ఉంది. లెక్క ప్రకారం కొన్నింటికైనా రెండు ప్రతులుగా ఉండాలి. బతికున్న ఒక్క పశువులోనూ అలా లేదు. రెండు ప్రతులు వచ్చినవి కడుపులోనే పోతున్నాయన్నమాట. ఆ ఖండం వెంట నడిస్తే వంశం చీఫ్ దగ్గర ఆగింది. ఈ ఒక్క లోపం వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల గర్భస్రావాలు జరిగాయని, నష్టం 42 కోట్ల డాలర్లని 2016లో అంచనా కట్టారు. చీఫ్ వంశం వల్ల పెరిగిన పాల విలువ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని కూడా అదే లెక్క చెబుతోంది. అందుకే ఆ ఆబోతును తప్పు పట్టడం కుదరదు. తప్పంతా అందరూ దాన్నే కోరుకోవడంలో ఉంది.

మన తెలుగువాళ్లకు ఈ లెక్క మేనరికాల ద్వారా బాగా అర్థమవుతుంది. బావామరదళ్ల పెళ్లిలో, బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 6.25 శాతం. మేనమామను చేసుకుంటే 12.5 శాతం. ఒకే ఆబోతుకు వేర్వేరు ఆవుల వల్ల పుట్టిన కోడెనూ పెయ్యనూ జతచేస్తే అదీ 12.5 శాతమే. ఆబోతు తన సొంత కూతురినే దాటితే 25 శాతం. అచ్చు వేసిన ఆబోతు ఒకే ఊళ్లో మూడు నాలుగేళ్లు ఉండిపోతే జరిగేది ఇదే. ఆ వేళకు మొదట పుట్టిన పెయ్యలు ఎదకు వస్తాయి. ఆబోతును రెండు మూడేళ్లకోసారి మార్చమని పశువైద్యులు చెప్పేది అందుకే.

ఇప్పుడు ఊరి ఆబోతు స్థానంలో సన్నటి వీర్య నాళిక వచ్చింది. పట్టేది పావు మిల్లీలీటరు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటుంది. ఆబోతు నుంచి ఒక్కసారి సేకరించినదానితో వందల నాళికలు నింపుతారు. ఆబోతు చచ్చిపోయాక కూడా దూడలు పుడుతూనే ఉంటాయి. మంచి వంశాన్ని పేద రైతు పెరట్లోకి తెచ్చిన గొప్ప సాధనం ఇది. నేను దీన్ని ఎంతమాత్రం తక్కువ చెయ్యను. కానీ అమెరికాలో 90 లక్షలకు పైగా పాడి ఆవులు ఉండి, అందులో అత్యధికం హోల్‌స్టీన్‌లే అయినా, వైవిధ్యం లెక్కన ఆ జాతి వంద లోపు పశువుల మందతో సమానమైపోయింది.

పనికోసం ఎంచితేనే ఇంత చిక్కు ఉంటే, అందం కోసం ఎంచితే ఏమవుతుందో మే నెలలో విజయవాడలో ఒక పగ్ కుక్క పక్కన కూర్చుంటే తెలుస్తుంది. మొగల్రాజపురంలో మా స్నేహితుడి ఇంట్లో అది కూలర్ ముందు గచ్చుకు పొట్ట ఆనించి పడుకుని, గురక లాంటి చప్పుడుతో ఊపిరి లాగుతూ ఉంటుంది. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. ముక్కులోంచి, నాలుక మీదుగా గాలి ఆడించి వేడి తగ్గించుకుంటుంది. పగ్ ముఖాన్ని ఎముకలో పొట్టి చేశారు గానీ, నోటి వెనుక ఉండే మెత్తటి అంగిలి అంతగా పొట్టి కాలేదు. అది గాలిదారికి అడ్డుపడుతుంది. ముద్దుగా ఉందని మనం మెచ్చుకునే ముఖమే దానికి ఊపిరాడనివ్వదు. ఇలాంటి ఎంపికను నేను సమర్థించలేను.

చేసిన తప్పును దిద్దుకునే దారీ ఉంది. డాల్మేషియన్ జాతి కుక్కలన్నిటికీ ఒకప్పుడు మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉండేది, కొన్నింటికి రాళ్లు కట్టేవి. మచ్చల కోసం ఎంచుతూ పోయేసరికి మంచి ప్రతి జాతిలోనే మిగల్లేదు. 1973లో అమెరికాలో ఒక జన్యు శాస్త్రజ్ఞుడు ఒక్కసారి పాయింటర్ జాతితో కలిపి, ఆ పిల్లలను తరతరాలుగా డాల్మేషియన్‌లతోనే దాటిస్తూ పోయాడు. మచ్చలు నిలిచాయి, జబ్బు పోయింది. ఆ కుక్కలను స్వచ్ఛమైనవిగా అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఒప్పుకోవడానికి 2011 దాకా పట్టింది. పాల విషయంలోనూ అంతే. ఎక్కువ పాల వెంట పడేసరికి హోల్‌స్టీన్‌లలో చూడి నిలవడం తగ్గింది. 2003 నుంచి కూతుళ్ల చూడి రేటునూ తండ్రి విలువలో కలిపి లెక్కించాక అది మళ్లీ మెరుగుపడింది. కొలిచినది పెరుగుతుంది, కొలవనిది జారిపోతుంది.

ఇంత చిక్కు ఉంటే స్వచ్ఛమైన జాతులు ఎందుకు, అన్నిటినీ కలిపేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. దానికి మన మిర్చి రైతు దగ్గరే జవాబు ఉంది. హైబ్రిడ్ కాయ గింజ దాచి మరుసటి ఏడు నారు పోస్తే ఆ పంట రాదు. రెండు వేరు వేరు రకాలను విడివిడిగా నిలబెట్టుకుని ఏటా కలిపితేనే ఆ బలం వస్తుంది. పశువుల్లోనూ అంతే. ఒంగోలు ఆవుకు జెర్సీ కలిపితే మొదటి తరంలో వచ్చే సంకర బలం, ఆ సంకరాన్ని సంకరంతో కలిపితే సగానికి పడిపోతుంది. స్వచ్ఛమైన ఒంగోలు లేకుండా మంచి సంకరం లేదు. ట్రాక్టరు వచ్చాక రైతుకు ఎద్దు అవసరం తగ్గింది, ఈ జాతిని ఇంట్లో కట్టేసేవారు తగ్గారు. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో లాం దగ్గరున్న పశు పరిశోధన కేంద్రం ఒంగోలు మందను నిలబెడుతున్నది. ఒక్క మంద చాలదు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు తండ్రుల సంతతి ఉండాలి.

దుగ్గిరాల దగ్గర మా పెద్దమ్మకు రెండు ఒంగోలు ఆవులు, ఒక పెయ్య ఉన్నాయి. పాల లెక్క గోడ క్యాలెండర్ మీద రాస్తుంది. ఆవుకు సూది వేయించిన రోజున ఆబోతు నంబరు కూడా పక్కనే రాస్తుంది. పాత క్యాలెండర్లు ఏవీ పారెయ్యదు. మొన్న పెయ్య మొదటిసారి ఎదకు వచ్చింది. ఊళ్లు తిరిగి ఆవులకు ఆ సూది వేసే గోపాలమిత్ర వచ్చి వీర్య నాళికల క్యాను దించగానే, మూత తియ్యకముందే నంబరు అడిగింది. అతను పుస్తకం చూసి చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లి పాత క్యాలెండర్ తెచ్చి చూసుకుంది.

"ఇది దీని తండ్రి నంబరే నాయనా. వేరేది ఉందా?"

"ఇవాళ లేదు పెద్దమ్మగారూ. ఈసారి తెస్తాను."

"అయితే వచ్చే ఎదకు చూద్దాంలే."

అతను క్యాను బండికి కట్టుకున్నాడు. పెద్దమ్మ ఆ రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు వేళ్ల మీద లెక్కపెట్టి, క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.